శ్యామ్ ఇచ్చిన మాట

"మావాణ్ణి మీ బళ్లో రాయించేశామండి. శ్యామ్ సార్ నిన్ననే వచ్చెళ్లారు," అన్నాడు ఏడుకొండలు.

పౌలు దరఖాస్తు కాగితాన్ని మళ్లీ సంచీలో పెట్టుకున్నాడు. వేమూరులో ఇది నాలుగో ఇల్లు. నాలుగిళ్లలోనూ ఇదే పాట.

"ఏంటి, అంత తొందరగా ఒప్పేసుకున్నారు?"

"ఆయన మాటిచ్చారు గదండి!"

"ఏం మాట?"

"అయ్యన్నీ మా ఆవిడకే తెలుసండి. పొలానికెళ్లింది."

రేపల్లెలో పౌలు చదివిన బోర్డింగ్ బడికి గండం వచ్చింది. ఈ ఏడు ఆరో తరగతిలో ముప్పైమంది చేరకపోతే మూసేస్తామని యాజమాన్యం తేల్చేసింది. పూర్వ విద్యార్థులంతా ఊళ్లమీద పడి గడపగడపా ఎక్కుతున్నారు. శ్యామ్ పందొమ్మిది మందిని చేర్చాడు. పౌలు ఇద్దర్ని.

బడి నిలబడేలా ఉందని సంతోషించాల్సింది పోయి పౌలు కడుపు రగిలిపోతోంది. శ్యామ్ పూర్వ విద్యార్థుల సంఘంలో చేరి రెండేళ్లు కాలేదు. బాపట్లలో బ్యాంకు మేనేజరు, కారులో తిరుగుతాడు. తెనాలిలో గుమాస్తాగా రిటైరైన పౌలు పద్దెనిమిదేళ్లుగా, ఆదివారం ఆరాధన అవగానే రైలెక్కి రేపల్లె వస్తున్నాడు. కుళాయిలు బాగుచేశాడు. పదో తరగతికి లెక్కలు చెప్పాడు. గోడలకు సున్నం కొట్టాడు. పిల్లలకు జ్వరమొస్తే ఆసుపత్రికి మోశాడు. ఒక్కడంటే ఒక్కడు "బాగుందయ్యా పౌలూ" అన్న పాపాన పోలేదు. మొన్న మీటింగులో మాత్రం శ్యామ్‌కి అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పౌలూ కొట్టాడు, చేతులు నొప్పి పుట్టకుండా. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే మరి.

బస్టాపుకి వచ్చి శ్యామ్‌కి ఫోన్ చేశాడు.

"ఏం మంత్రం వేస్తున్నావయ్యా, అందరూ నీ వెనకే పడుతున్నారు?"

శ్యామ్ నవ్వాడు. "ఒక్క మాట చెప్తున్నానన్నా, అంతే. అదేంటో తెలిస్తే నువ్వు తిడతావ్. బడి గట్టెక్కాక చెప్తాలే."

తిట్టే మాటేనన్నమాట! పౌలుకు ఇక అనుమానం లేదు. సైకిలో, సెల్‌ఫోనో ఆశపెట్టి ఉంటాడు. తాయిలాలు చూపించి పిల్లల్ని చేర్చకూడదని సంఘం తీర్మానం. ఆదివారం మీటింగులో అందరిముందూ నిలదీస్తే ఆ చప్పట్లన్నీ ఏమైపోతాయో చూడాలి. ఆ పందొమ్మిది మందినీ తీసేస్తే బడి మూతపడుతుంది. పడనీ, అనుకున్నాడు. అనుకున్నాక తన మనసు చూసి తనే ఉలిక్కిపడ్డాడు. అయినా కొల్లూరు బస్సెక్కాడు. సాక్ష్యం కావాలిగా.

ఏటి లంకలో అరటితోట పని ముగించుకొచ్చి నాగమ్మ కాళ్లు కడుక్కుంటోంది.

"రేపల్లె బడి నుంచి వచ్చానమ్మా. మీ అబ్బాయిని శ్యామ్ గారు చేర్పించారట?"

"అవునండి బాబాయిగారూ. కూర్చోండి."

కూర్చోలేదు. "మీ ఊళ్లోనే బడి ఉందిగా. అంత దూరం ఎందుకు పంపుతున్నావ్? ఏమిస్తానన్నాడు? సైకిలా?"

"సైకిలేంటండి?"

"పోనీ డబ్బా? భయపడకుండా చెప్పమ్మా."

నాగమ్మ ముఖం చిన్నబోయింది. "డబ్బుకి ఆశపడి బిడ్డని దూరం పంపుకుంటామా బాబాయిగారూ? పదో తరగతి తప్పి ఈ తోటపనిలో పడ్డదాన్ని. నా బిడ్డకీ గతి పట్టకూడదని గుండె రాయి చేసుకుని పంపుతున్నా. ఆ సారిచ్చిన మాట తప్పితే మాత్రం మావాణ్ణి వెనక్కి తెచ్చేసుకుంటా. మీ బడోళ్లకి ముందే చెప్పేయండి."

ఇన్నాళ్లకు దొరికాడు. పౌలు సంబరంగా ముందుకు వంగాడు.

"ఏం మాటిచ్చాడమ్మా?"

"లెక్కలు పౌలు సారే చెబుతారనండి."