రెండు పొడుగు, ఒకటి పొట్టి

మళ్ళీ ఈల.

రెండు పొడుగు, ఒకటి పొట్టి.

వసంతకుమారి మెట్ల మీదున్న కూతుర్ని రెక్క పట్టుకుని లోపలికి లాగి తలుపేసింది.

"చూశావా ఆమోసూ? పిల్ల అడుగు బయట పెడితే చాలు, ఈల! ఈ నెలలో ఇది మూడోసారి."

ఆమోసు ఆమె తమ్ముడు. చదువుకని అమెరికాలోని ఈ చాండ్లర్ ఊరికి వచ్చాడు. వీసా అయిపోయి ఎనిమిది నెలలైంది. అక్క ఇంట్లో ఉంటూ హోటల్లో గిన్నెలు కడుగుతున్నాడు.

"తోటపని ఎలీసియోనా? మంచివాడక్కా. మొన్న నిమ్మకాయలిచ్చాడు."

"ఊరికే ఇస్తాడా? నీ గురించి ఏమైనా అడిగాడా?"

"ఎప్పుడొచ్చావు, ఎక్కడ పని అని..."

"ఇంకేం! ఇమిగ్రేషన్ వాళ్ళకి ఫోన్ చేసే రకమే. వాడు పోయేదాకా గడప దాటకు."

ప్రేమజ్యోతికి పదహారేళ్ళు. ఈల వేసినప్పుడు ఎలీసియో తనకేసి చూడలేదు, గేటుకేసి చూశాడు. చెబుదామనుకుంది. మామయ్య ముందు సిగ్గేసి ఊరుకుంది.

మర్నాడు వసంతకుమారి అపార్ట్‌మెంట్ మేనేజర్ దగ్గరికి వెళ్ళింది.

"మై డాటర్... హీ విజిల్," అంది.

మేనేజర్ ఇంకేమీ అడగలేదు.

శనివారానికి ఎలీసియో లేడు. నీళ్ళ గొట్టం గోడ పక్కన చుట్టి ఉంది.

"ఇప్పుడు ప్రాణానికి హాయిగా ఉంది," అని వసంతకుమారి తలుపు బార్లా తెరిచింది.

మంగళవారం పొద్దున ఆమోసు బట్టల బుట్టతో కింద లాండ్రీ గదికి వెళ్ళాడు.

ఏ ఈలా వినిపించలేదు.

గేట్లోంచి లేతాకుపచ్చ వ్యాను వచ్చింది.

వసంతకుమారి చెప్పుల్లేకుండా పరిగెత్తేసరికి, ఆమోసుని, మరో నలుగుర్ని ఎక్కించుకుని ఇమిగ్రేషన్ వ్యాను వెళ్ళిపోయింది. బుట్ట బోర్లా పడి ఉంది.

కింది ఇంటి రోసా గుమ్మంలో కూలబడి ఏడుస్తోంది. ఆమె మొగుడూ ఆ వ్యానులోనే ఉన్నాడు.

"ఎలీసియో ఉంటే ఇలా అయ్యేదా?" అంది వచ్చీరాని ఇంగ్లీషులో. "వ్యాను మలుపు తిరగ్గానే ఈల వేసేవాడు. మేమంతా తలుపులేసుకునేవాళ్ళం."



"ఆయనకీ కాగితాల్లేవా ఆంటీ?" ప్రేమజ్యోతి మెల్లగా అడిగింది.

"లేకపోవడమేం? వాళ్ళ తాత కూడా ఈ ఊళ్ళోనే పుట్టాడు. తనకి ఏ భయమూ లేదు."

రోసా కళ్ళు తుడుచుకుని వసంతకుమారి చెయ్యి పట్టుకుంది.

"పై ఇంటి ఇండియా వాళ్ళకి మన ఈల సంగతి ఎవరైనా చెప్పండి అన్నాను ఒకసారి. 'చెప్పక్కర్లేదు, ఆ తల్లి అందరికంటే ముందే తలుపేస్తుంది' అని ఎలీసియో ఎంత సంబరపడ్డాడో!"