రెండు స్టార్లు

సినిమా సగంలో ఉండగా వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు.

విమర్శకుడు నామ్‌గుంగ్ విసుగ్గా తిరిగి చూశాడు.

"అజుమ్మా, ఇది మీ ఇంట్లో టీవీ సీరియల్ కాదు."

పెద్ద వయసు ఆడవాళ్లను పిలిచినట్టు అజుమ్మా అని పిలవదగ్గ వయసే, అరవై ఏళ్ల ఆడమనిషి. ఇందాక గుమ్మంలో అందరికీ బియ్యప్పిండి మిఠాయి పంచింది ఈమే. హాలు తుడిచే మనిషి కాబోలు అనుకున్నాడు.

"తప్పయిపోయింది బాబూ," అంటూ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తెర మీద, ఇల్లు వదిలి వెళ్లబోతున్న కూతురి బూట్లను తల్లి బకెట్లో ముంచి ఉతుకుతోంది. బయట మంచు.

చివర్లో పేర్లు పడడం మొదలవగానే నామ్‌గుంగ్ లేచాడు. గుమ్మంలో ఆమె ఎదురైంది.

"ఎలా ఉంది బాబూ?"

"మంచులో బూట్లుతికే తల్లి ఎక్కడుంటుంది? సినిమా చదువులు చదివిన పిల్లల పైత్యం!"

"బూట్లు తడిస్తే పిల్ల ఆగుతుందనుకుందేమో."

"భలే చెప్పావే! డైరెక్టరు పిల్లక్కూడా తట్టి ఉండదు."

ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"మీరు మంచిగా రాస్తే ఇంకో వారం ఉంచుతారట. ఒక మనిషి చూడాల్సి ఉంది బాబూ."

"అడగ్గానే ఇవ్వడానికి స్టార్లేమైనా మిఠాయిలా అజుమ్మా?"

పోస్టరు మీద దర్శకురాలి పేరు యోమ్ సోల్హీ. ఈ కాలం పిల్లల పేరు. ఆ సాయంత్రమే పత్రికకు ఒక్క వాక్యం రాసిచ్చాడు.

"తల్లంటే ఏమిటో తెలియని అమ్మాయి తీసిన సినిమా. రెండు స్టార్లు."

వాక్యం అందరికీ నచ్చింది. మిగతా విమర్శకులు అదే అటూ ఇటూ మార్చి రాశారు. బుధవారం సినిమా తీసేశారు.

మర్నాడు ఇంకో సినిమాకు వెళ్తే, హాలు యజమానురాలు అతని ముఖం చూడకుండానే టికెట్టు చింపింది.

"నా మీద కోపమా?"

"కోపమెందుకు నామ్‌గుంగ్‌గారూ? మీ వాక్యాన్ని డైరెక్టరమ్మ కత్తిరించి పర్సులో పెట్టుకెళ్లింది. 'నిజమే, నాకేం తెలుసు' అంది."

"ఆ పిల్ల ఇక్కడికొచ్చిందా?"

"పిల్లేమిటి? వారం రోజులూ ఈ గుమ్మంలోనే నిలబడి, వచ్చిన ప్రతి అమ్మాయి ముఖంలోకీ చూసిందిగా. మీరూ ఆవిడ చేతి మిఠాయి తిన్నారు."



"మరి... పోస్టరు మీద పేరు?"

"అది పద్నాలుగేళ్ల కిందట వెళ్లిపోయిన కూతురిదండీ, తన పేరు చూసైనా సినిమాకి వస్తుందని పెట్టుకుంది."