గోడ అవతలి చప్పుడు

"పుస్తకం మంచిగున్నదన్నా. నా మొదటి డ్రమ్మర్ పేరే లేదు. అది రాస్తేనే ఒప్పుకుంట," అన్నాడు ఫోన్‌లో హితేష్.

మంగేష్‌కు ఒళ్లు మండింది.

హితేష్ ఇవాళ పేరున్న రాక్ గాయకుడు. ముంబై కామాటిపురాలో కూలోళ్లుండే ఇరుకు గదుల చాల్‌లోంచి అతన్ని చెయ్యి పట్టి పైకి తెచ్చిన మేనేజర్ మంగేష్. పేరు రాగానే పెద్ద కంపెనీ దిగింది, మంగేష్‌ను కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టింది.

ఆ తొలిరోజుల మీద చెప్పి రాయించుకున్న పుస్తకమొక్కటే ఇప్పుడు అతనికి మిగిలింది. హితేష్ సరేనంటే తప్ప అచ్చువాళ్లు ముట్టుకోరు.

"డ్రమ్మర్ యాడున్నడ్రా? నీ మొదటి పాట టేపుల నువ్వు, నీ గిటారే!"

"టేపు మళ్ల ఇను. లేకుంటే చాల్‌ల అడుగు."

మంగేష్ తిట్టుకుంటూ చాల్ మెట్లెక్కాడు.

హితేష్ పాడుకున్న గదికి తాళం. పక్క గది గుమ్మంలో, అప్పట్లో అక్కడుండిన ముసలి శాంతాబాయి మనవరాలు మేఘా బియ్యం చెరుగుతోంది.

"ఈడ డ్రమ్ములు కొట్టే పోరగాళ్లు ఎవరన్న ఉంటుండెనా, బేటా?"

"నీళ్ల డ్రమ్ము పెట్టనీకే జాగ లేదు కాకా!"

మంగేష్ నవ్వలేదు.

"ఉన్నా మీ అవ్వ కొట్టనిచ్చేదా? హితేష్ నోరు తెరిస్తే చాలు, గోడ మీద ధన్ ధన్! పుస్తకంల రాసిన, గోడ రాక్షసి అని."

రాయడమేమిటి, అప్పట్లో ఈ గుమ్మంలోనే నిలబడి అరిచాడు. "ముసల్దానా, పక్కోడు బాగుపడితే ఓర్వవా?"

శాంతాబాయి చేతిలోని చెక్కను మంచం కిందికి తోసింది.

హితేష్ ఏదో చెప్పబోతే, "నోర్మూసుకొని నడువ్," అని అతన్ని వర్లిలో వేరే గదికి మార్చాడు.

అక్కడ ఎందరు డ్రమ్మర్లు వచ్చినా ఆ మొదటి పాట కుదరలేదు. చివరికి ఈ చాల్ గదిలో తీసిన పాత టేపునే, వెనక గోడ చప్పుడుతో సహా, బయటికి వదిలారు. హితేష్‌ను నిలబెట్టింది అదే.

మేఘా చేట పక్కన పెట్టింది.

"రాక్షసా? అవ్వ గచ్చు కొట్టేటిది కాకా. మేడల మీద సున్నం పోసినంక ఆడోళ్లు వరుసగ కూసోని చెక్కలతోని కొడుతుండిరట. ఒకరు పాడితె తక్కినోళ్లు దెబ్బెయ్యాలె. పాటను ఒంటిగ ఇడ్సిపెట్టొద్దు. అది ఆళ్ల రివాజు."

మంగేష్ గడప దాటి లోపలికి వచ్చాడు.

"గోడ అవుతల పోరడు ఒక్కడే పాడుతుంటే, అవ్వ చెయ్యి ఊకుంటదా?"

మంగేష్ గోడను చూశాడు. సున్నం పెచ్చులూడి, ఒకచోట గుంట పడి ఉంది.

"ఆ చెక్క... ఉన్నదా బేటా?"

"లేదు కాకా. అవ్వ పోయిననాడు హితేషన్న వచ్చి, కొత్త డ్రమ్ము కర్రలు ఆమె చేతిల పెట్టి, చెక్కను తను తీస్కపోయిండు."