కాటా మీద కాపురం

"ఇంకా ఎక్కువే!" అని కాటా గది కిటికీలోంచి అరిచాడు తూకం చూసే క్లిఫర్డ్.

గోధుమల గిడ్డంగి ముందున్న లారీ కాటా మీద రాయిస్ హాగెన్ పికప్పు నిలబడి ఉంది. వెనక పెద్ద క్యాంపర్, అంటే చక్రాల మీద ఇల్లు, తగిలించి ఉంది. ఆ చిన్న బండి చేత అంత పెద్ద క్యాంపర్‌ని లాగించాలని, రెండు వేసవులు సెలవలకి వెళ్ళే సరస్సు మొహం చూడకుండా షెడ్డులోనే గడిపాడు రాయిస్. పికప్పు వెనకున్న తొట్టి ఊడబీకి, దాని స్థానంలో ఇనుప బల్ల బిగించాడు. ట్రాక్టరు ఎక్కించినా వంగనంత మందం ఇనుము వాడాడు. ట్రాక్టరు ఎందుకెక్కిస్తావని అడిగిన వాళ్ళని జాలిగా చూశాడు. తీరా క్యాంపర్ తగిలించాక బండి వెనక్కి కూలబడి, ముందు దీపాలు ఆకాశంలోకి చూస్తున్నాయి. బరువు బండి లాగగలిగినంతకి తగ్గిందో లేదో చూడ్డానికే ఈ కాటా.

"ఏం దించుదాం?" అన్నాడు రాయిస్, భార్య మార్లిస్ సామాను వైపు చూస్తూ.

"బల్ల మీద ఆ ఇనప్పెట్టెలు దించు. రెండూ ఖాళీవేగా."

"వాటిని వెల్డింగ్ చేసేశాను. ఊడిరావు."

"పోనీ ఆ వెనకద్దం ముందు కమ్మీల చట్రం?"

"అది తీసేస్తే బండికి అందం ఏముంటుంది, మార్లీ?"

కాబట్టి అందం లేనివి దిగాయి. ఇనప పెనం దిగింది. మడత కుర్చీలు దిగాయి. పుచ్చకాయ దిగింది. దిగిన ప్రతిసారీ క్లిఫర్డ్ "ఇంకా ఎక్కువే!" అని అరిచాడు. జూలై నాలుగు సెలవలకి గిడ్డంగిలో పనేమీ లేదు, పాపం అతనికి మాత్రం వేరే కాలక్షేపం ఏముంది? చివరికి గ్రేవీ కూడా దిగింది. అది వాళ్ళ కుక్క. దిగి, బండి కిందికి ఓసారి చూసి, దూరంగా వెళ్ళి కూర్చుంది.

వెనక సీట్లోంచి మార్లిస్ తల్లి ఆర్డిస్ తలుపు తీసింది.

"నేనూ దిగుతాలే, నాయనా. పొద్దున రెండు అట్లు తిన్నాను, ఆ పాపం నాదే."

ఈ ఆర్డిస్ పశువుల ట్రైలర్లకి వెల్డింగ్ చేసి చేసి రిటైరైన మనిషి. బల్ల తేలిగ్గా ఉండాలంటే అల్యూమినియం వెయ్యమని ఆవిడ మొదట్లోనే చెప్పింది. "మీరు విశ్రాంతి తీసుకోండి, ఆర్డిస్ గారూ" అని అల్లుడు ఎంతో మర్యాదగా నోరు మూయించాడు. ఊడబీకిన పాత తొట్టి ఇస్తే టమాటాలు వేసుకుంటానంటే మాత్రం, దానకర్ణుడిలా ఇచ్చేశాడు.

"ఇంకా ఎక్కువే!"

"ఎంతయ్యా?" విసుక్కున్నాడు రాయిస్.

"ఒక్క మనిషంత ఎక్కువ!"

బండిలో ఉన్నది ఇద్దరు. ఆ ఇద్దరిలో తను కూడా ఒకడన్న సంగతి రాయిస్‌కి తట్టనే లేదు.

"మార్లీ, నువ్వు నీ కార్లో వెనకాలే వచ్చెయ్."

"జనవరిలో, అంత చలిలో తెల్లారకుండా లేచి ఆ సరస్సు ఒడ్డున దిగడానికి జాగా బుక్ చేసింది నేను. నా పేరు మీద."

"ఎవరు కాదన్నారు? నిన్ను సరదాగా తిప్పుదామనేగా ఇంత చాకిరీ చేసింది!"

మార్లిస్ దిగింది. గొడవపడలేదు, తలుపు కూడా మెల్లగా వేసింది. వేరే మొగుడైతే అక్కడే భయపడేవాడు. రాయిస్ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇప్పుడు సరిపోయింది!" అన్నాడు క్లిఫర్డ్, కాస్త నిరాశగా.

మైదానంలో ఎదురుగాలి. బండి మూలుగుతూ నడిచింది. రెండుసార్లు ఇంజను వేడెక్కి ఆగింది. వెనకాల వచ్చిన ప్రతి వాడూ హారన్ కొట్టి దాటిపోయాడు. బల్లని మెచ్చుకుంటున్నారనుకుని రాయిస్ అందరికీ చెయ్యి ఊపాడు.

పొద్దు వాలాక సరస్సు చేరాడు. గేటు దగ్గర కాపలా పెద్దాయన కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఆ జాగాలో ఇప్పటికే ఒక బండి ఉందండీ. జాగాకి ఒక్కటే. రూలు."

"అది మా ఆవిడ పేరు మీదుంది! ఎవడో దొంగవెధవ దూరాడు!"

రాయిస్ బండి దిగి పరుగెత్తాడు, పెద్దాయన వెనకే వచ్చాడు. సరిగ్గా నీళ్ళ ఒడ్డున మార్లిస్ చిన్న కారు ఆగి ఉంది. దాని వెనక రెండు చక్రాల ట్రైలరు, పైన కాన్వాసు గుడారం. మడత కుర్చీల్లో తల్లీ కూతుళ్ళు. పెనం మీద చేపలు వేగుతున్నాయి. గ్రేవీ అతన్ని చూసి తోక కూడా ఆడించలేదు. ట్రైలరు పక్కరేకు మీద, కొట్టం తలుపుకి తను బండి గుద్దినప్పుడు పడిన సొట్టని రాయిస్ వేలితో తడిమాడు.

"ఇది... ఇది నా తొట్టి!"

"టమాటాలు కాయలేదు, నాయనా," అంది ఆర్డిస్, పుచ్చకాయ గింజ ఊస్తూ. "సరే కదాని చక్రాలు వేశాను."

పెద్దాయనకి జాలేసింది. "అమ్మా, ఈయన ఆ క్యాంపర్‌ని బయట రోడ్డు మీద వదిలేస్తాడు. మీ గుడారంలో ఈయనొక్కడికీ చోటుంటుందా?"

మార్లిస్ చేపని తిరగేసి, గుడారాన్ని ఓసారి చూసి, మొగుణ్ణి కిందనించి పైదాకా తాపీగా చూసింది.

"లేదండీ. సరిగ్గా ఒక్క మనిషంత ఎక్కువ."