మా నాన్న బండ

ఒరేయ్ క్లీటస్, నీతో ఎదురుపడి మాట్లాడను కనకే ఈ కార్డు. ఆరేళ్లుగా నా గొంతులో చేపముల్లు ఇది. సముద్రం అడుగున మా నాన్న కనిపెట్టిన, చేపలు చేరే బండ జాడ నీ చేతి జీపీఎస్ యంత్రంలోకి ఎక్కించి ఊరంతా పంచావు.

పడవలోంచి ఒడ్డుకేసి చూస్తే అటు చర్చి శిలువా వెనక కొండా, ఇటు దీపస్తంభం వెనక తాటితోపూ ఒక వరసకొచ్చిన చోట బండ ఉన్నట్టు; అక్కడ పడవ ఆపేవాళ్లం. చేపలు గుడ్లు పెట్టే నెలల్లో అటు తొంగిచూసేవాళ్లం కాదు. మీరు నలభై పడవలతో పోయి ఊడ్చేశారు.

"మామా, నీ శిలువా కొండా అటకెక్కించు, ఇది ఆకాశంలోంచి చూస్తుంది" అన్నావు పూవారు రేవులో, అందరి ముందూ.

"గద్ద కూడా ఆకాశంలోంచే చూస్తుందిరా. అదైనా ఆకలేస్తేనే దిగుతుంది" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

చేపలు లేకే అటు పోవడం మానేశానని అందరికీ చెప్పాను. అబద్ధం. కొత్త చర్చి వంద అడుగులు పక్కకి జరిపి కట్టాక నా వరస తప్పింది. ఆ రాళ్లు నేనూ మోశాను. మూడుసార్లు వెతికాను, బండ దొరకలేదు.

ఒక్కసారి తీసుకెళ్లు. ఆ యంత్రం బొమ్మ నీ జేబులోనే ఉంచు, నాకు చూపించకు. పడవ నువ్వాపు, గాలం నేనేస్తాను. అక్కడ ఇంకా ప్రాణముందో లేదో నాకు తెలియాలి.

ఈ ఆదివారం పూజ గంట కొట్టేలోగా వస్తావో రావో చెప్పు.

నీ మామ, పనియడిమ