కంప్యూటర్ పీరియడ్‌లో పూసే పువ్వు

"టీచరమ్మా, కాలు పెట్టకండి!"

డెల్మరీ ఒంటికాలి మీద ఆగిపోయింది.

బడి వెనక, తెల్ల గులకరాళ్ల నేల మీద ఆమె తరగతి పిల్లలు పదకొండుమందీ బోర్లా పడుకుని ఉన్నారు. వాళ్ల పక్కనే ఒక బండ మీద, చేతికర్ర పట్టుకుని ఎవరో ముసలాయన.

"ఏంటిది? కంప్యూటర్ పీరియడ్ మొదలై పావుగంటైంది!"

"పువ్వు టీచరమ్మా. సరిగ్గా మీ చెప్పు కింద."

వంగి చూసింది. రెండు రాళ్ల సందులో బియ్యపుగింజంత పువ్వు.

డెల్మరీ ఈ కామీస్ కొండల్లోనే పుట్టింది. ఆగస్టు వస్తే నారింజరంగు పువ్వులు కొండలమీద దుప్పటి పరచడం ఏటా చూసేదే. ఇది మాత్రం ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్కసారీ కంటపడలేదు.

"ఎవరండీ మీరు?"

"సారెల్ అంటారమ్మా. మీ ఊరి ట్రీన్‌కీ అవ్వ ఇంట్లో దిగాను, పువ్వుల రోజులు అయ్యేదాకా."

ఆయన ఆమె ముఖంలోకి చూడలేదు. ఎటో పక్కకి చూస్తూ చెప్పాడు. పొగరు మనిషి అనుకుంది.

"పిల్లల్ని బడి అయ్యాక పిలుచుకోండి."

"సూర్యుడు నడినెత్తికి వస్తేగాని ఇవి విచ్చుకోవు. బడి వదిలేసరికి ముడుచుకుంటాయి. రోజూ ఈ అరగంట ఇప్పించు తల్లీ."

"ఈ అరగంటే మాకు కంప్యూటర్లు. నాలుగేళ్లు అర్జీలు పెడితే ఆరు ఇచ్చారు. పువ్వులు కావాలంటే అందులోనే చూపిస్తాను, ఇంతింత పెద్దవి చేసి."

"అదే పెద్దది చేసి చూపిస్తే, ఇక వీళ్లు చూడాల్సిందేముందమ్మా?"

పిల్లలు ఆమె చుట్టూ చేరి బతిమాలారు. చివరికి ఒక్క వారానికి ఒప్పుకుంది.

రోజూ కిటికీలోంచి ఓ కన్నేసి ఉంచింది. ముసలాయన ఒక్కసారీ వంగేవాడు కాదు. బండ మీద కూర్చుని పిల్లల్నే పాకించేవాడు.

"రేకులెన్ని?"

"ఆరు తాతా."

"మళ్లీ లెక్కపెట్టు."

"అయ్యో, ఏడు! ఒకటి కింద నక్కింది!"

"దొంగది. రంగేంటి?"

"తెలుపు."

"ఏ తెలుపు? పాల తెలుపా, ఎముక తెలుపా?"

తరగతిలో ఎన్నడూ నోరు విప్పని ఫ్రాన్సీనా నేలకి ముక్కు ఆనించి, చాలాసేపు చూసి చెప్పింది.

"అప్పుడే పుట్టిన మేకపిల్ల చెవి లోపల ఉంటుందే, ఆ తెలుపు తాతా. లోపలికి పోయేకొద్దీ గులాబీ."

ముసలాయన కర్రతో నేలను టక్కున కొట్టాడు. "అదీ! ఇప్పుడు కనిపించింది నాకు."

ఆరో రోజు, చెప్పాపెట్టకుండా బడుల ఇన్‌స్పెక్టర్ దిగాడు. గదిలో కంప్యూటర్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. పిల్లలు మోకాళ్ల నిండా మట్టితో పరిగెత్తుకొచ్చారు.

"మీకు ఇవి ఇచ్చింది దుమ్ము పడకుండా దాచుకోవడానికా?" అన్నాడు ఆయన, పిల్లలందరి ముందూ.

ఆ కోపమంతా డెల్మరీ తీసుకెళ్లి ముసలాయన మీద కుమ్మరించింది.

"మీరు కూర్చున్నచోటు నుంచి కదలరు, పసిపిల్లల్ని మాత్రం రాళ్లలో పాకిస్తారు! ఏం చదువండీ ఇది? రేపటినుంచి రాకండి."

సారెల్ లేచి టోపీ తీశాడు.

"తప్పు నాదేనమ్మా. అయినా ఆరు రోజులు ఇచ్చావు. నీ మేలు మరిచిపోను."

కర్రతో దారి తడుముకుంటూ, మెల్లగా వెళ్లిపోయాడు.

సెప్టెంబరు ఎండలకి పువ్వులన్నీ రాలిపోయాయి. ఒకరోజు డెల్మరీ పిల్లల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, 'మా అమ్మ' గురించి పది వాక్యాలు రాయమంది. ఎప్పటిలాగే ఎక్కణ్ణుంచో ఎత్తి రాస్తారనుకుంది. పదకొండుమందీ 'మా అమ్మ చాలా మంచిది' అంటారనుకుంది.

బడి గంట మోగేదాకా ఫ్రాన్సీనా రెండు వేళ్లతో టైపు చేస్తూనే ఉంది.

'మా అమ్మ రొట్టెల పిండి పిసికేటప్పుడు ఎడమచేతి చిటికెనవేలు మాత్రం పైకి లేచి ఉంటుంది. అది వంగదు. చిన్నప్పుడు గాడిదబండి కింద పడి విరిగిందట. ఆ వేలిని నేను నిన్ననే చూశాను. చూసి అడిగాను.'

మిగతావాళ్లవీ చదివింది. ఏ ఒక్కరి అమ్మా ఇంకొకరి అమ్మలా లేదు.

ఆరు నెలలుగా ఇవే కంప్యూటర్లు, వీళ్లే పిల్లలు. మధ్యలో వచ్చింది ఆ ఆరు రోజులే.

సాయంత్రం నిప్పుల మీద కాల్చిన రొట్టెలు గుడ్డలో చుట్టుకుని ట్రీన్‌కీ అవ్వ ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్లింది.

"అవ్వా, ఆయన లేరా? నేను నోరు జారాను. మన్నించమని అడగాలి. పిల్లలకి చేసినదానికి చేతులు పట్టుకుని కృతజ్ఞత చెప్పుకోవాలి."

"ఆలస్యం చేశావే పిల్లా. ఒంట్లో బాగాలేదని పోయిన గురువారమే కూతురొచ్చి తీసుకెళ్లింది. అక్కడికెళ్లిన మూడో రోజునే కన్నుమూశాడట. ఇది నీ పిల్లలకి ఇమ్మన్నాడు."

అవ్వ ఒక కాగితం చుట్ట విప్పి పరిచింది. బల్ల నిండిపోయింది. బొగ్గుతో గీసిన పువ్వు, బండిచక్రమంత. గులకరాళ్ల మధ్య ఊపిరి పీలుస్తున్నట్టే ఉంది.

అడుగున వంకరటింకర అక్షరాలు. 'చూసినవాళ్లు' అని రాసి, పదకొండుమంది పేర్లు. దాని కింద, 'గీసినవాడు సారెల్, మీ రుణం తీర్చుకోలేనివాడు.'

డెల్మరీ కళ్లు తుడుచుకుంది.

"ఎంత చూపు అవ్వా ఆయనది! ఇంత చిన్న పువ్వులో ఒక్క గీత వదల్లేదు."

అవ్వ కాగితం అంచులు చేత్తో సాపు చేసింది.

"ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడమ్మా. తెలిస్తే పిల్లలు జాలిపడి తనకి నచ్చేది చెబుతారు, ఉన్నది చెప్పరు అనేవాడు."

"ఏం తెలిస్తే అవ్వా?"

"నలభై ఏళ్లు మన కొండల పువ్వులన్నీ గీసి పుస్తకాలకెక్కించిన మనిషి, ఈ ఒక్కటీ దొరికేలోపే చూపు పోగొట్టుకున్నాడే తల్లీ."