పాటగాడి పళ్ళు

“కట్,” అన్నాడు డైరెక్టరు.

మోత్కూరు దగ్గరి పల్లెలో, పాడుబడ్డ దొర గడీ ముందు సినిమా షూటింగు. రాయితో పాటగాడి పళ్ళు రాలగొడుతున్న దొర మనిషి, అంటే ఆ వేషం కట్టిన కాటమయ్య, నవ్వుతూ లేచాడు. పాటగాడి వేషంలో ఉన్నాయన నోట్లోని ఎర్రరంగు ఉమ్మేశాడు.

డైరెక్టరు తిన్నగా గోపమ్మ దగ్గరికి వచ్చాడు. కథలోని ఆ పాటగాడు ఐలేశం ఆమె మొగుడే. పళ్ళు పోయాక పాట పోయింది, ఆ దిగులుతోనే మనిషీ పోయాడు.

“అమ్మా, ఇది నిజంగా బతికిన మనిషి కథ. మీరు ఔనంటేనే ఈ సీను ఉంచుతాను. ఇలాగే జరిగిందా?”

గోపమ్మ చుట్టూ మూగిన ఊరివాళ్ళ వైపు చూసింది. రేపు టాకీసుల్లో జనం చూసిందే నిజమైపోతుంది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎవరూ అడగరు.

“గిట్లనే జరిగింది సారూ,” ఊరి పెద్దమనిషి చెన్నయ్య అందుకున్నాడు. “దొర మనుషులే కొట్టిండ్రు. మేమంత సూసినం.”

“నిన్నడగలేదయ్యా. ఆమెను చెప్పనీ.”

“ఏమున్నది చెప్పనీకి? ఔనను వదినె.”

“జర ఆగు చెన్నయ్యా,” అంది గోపమ్మ. “నేను చెప్త.”

చెన్నయ్య మొహం మాడిపోయింది. గిర్రున కాటమయ్య వైపు తిరిగాడు.

“మా ఐలేశమన్నను కొట్టి పండ్లికిలిస్తున్నవారా, లంగగా?”

ఎగిరి డొక్కలో తన్నాడు. కాటమయ్య వెల్లకిలా పడ్డాడు. “కొట్టుండ్రి వాన్ని” అంటూ పదిమంది మీద పడ్డారు. కాళ్ళు పట్టినవాళ్ళు కాళ్ళు, చేతులు పట్టినవాళ్ళు చేతులు.

“నేను యాక్టర్నన్నా! నల్లగొండ మాది, నాటకాలేస్త,” మొత్తుకున్నాడు కాటమయ్య.

ఎవరు వింటారు? చెన్నయ్య కంకరరాయి ఏరుకొని అతని రొమ్ము మీద కూర్చున్నాడు. ఎడమ చేత్తో దవడ నొక్కి నోరు తెరిపించాడు. కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఈసారి రంగు కాదు, నెత్తురు. రెండు పళ్ళు మట్టిలో పడ్డాయి.

“కట్! కట్!” అరుస్తున్నాడు డైరెక్టరు. అంతకన్నా ఏమనాలో పాపం ఆయనకు తోచలేదు. గొడవ మొదలవగానే కెమెరా నడిపించిన ఆయన బిత్తరపోయి ఆపబోయాడు.

గోపమ్మ గుంపును తోసుకుంటూ వచ్చి నిలబడింది.

“కెమెరా బందు చెయ్యకుండ్రి సారూ. గిప్పుడు సరిగ్గ వస్తాంది. దొర అప్పటికే పట్నం పారిపోయిండు. మా ఆయన పాటల్ల బాణామతి ఉన్నదని, పాటతోని చేతబడి చేస్తడని గీ చెన్నయ్యే, గిట్లనే రొమ్ము మీద కూసోని, పండ్లు రాలగొట్టిండు.”